పన్నెండో చోటు

వుబాలెమ్ పోయి ఇరవై నాలుగు రోజులైంది. ఆమె మంచాన పడ్డ ఐదు నెలలూ, మరియమ్మ పేరిట నెలకొక ఇంట్లో కలిసి తినే మహబర్ సంఘం ఆడవాళ్లు వంతులు వేసుకుని రోజుకొకరు చొప్పున తిండి మోసుకెళ్లారు. ఆమె పోయిన రోజు వంతు ఫంతాయెది. ఆ రోజు ఆ ఇంటికి తిండి చేరలేదని వాడంతా చెప్పుకుంటున్నారు. ఫంతాయె ఔననలేదు, కాదనలేదు. ఈ నెల మరియమ్మ పండుగనాటి మహబర్ విందు కూడా ఆమె ఇంటికే వచ్చింది. పాదిరి గారు రొట్టె దీవించి, ఇంకా నాలుగిళ్లు తిరగాలంటూ గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. అందరూ చేతులు కడుక్కున్నారు. ఫంతాయె కోడికూర వడ్డించి నడుం ఎత్తబోతుండగా, జెనెబు చెయ్యి వెనక్కి లాక్కుని, "ఈ ఇంట్లో నేను తినను" అంది.

ఆ మాట గదిలో అందరికీ వినబడింది, ఒక్క ఎమామా లాకెచ్‌కి తప్ప. మహబర్‌కి పెద్ద ఆవిడే, అందరికీ అవ్వ లాంటిది, అందుకే ఎమామా. ఎనభై దాటింది. కళ్లు బాగానే కనిపిస్తాయిగాని చెవులు ఆమెకు ఇష్టమైనప్పుడే పనిచేస్తాయి.

"ఏమంది? ఏమందది?" అని పక్కనున్న అయెహును మోచేత్తో పొడిచింది.

"తినదంట."

"ఉపవాసమా?"

"ఉపవాసం కాదు ఎమామా, ఉక్రోషం," అంది అయెహు. ఆమె నోటికి వాడలో అందరూ భయపడతారు.

నేల మీద పరిచిన పచ్చగడ్డి మీద రెండు మెసోబుల చుట్టూ పదిమంది ఆడవాళ్లు కూర్చున్నారు. ఒక్కరూ ఇంజెరా అట్టు తుంచలేదు. అల్లిన ఆ గంప బల్లల మీద కూర చల్లారిపోతోంది. మీద తేలే వెన్న పల్చటి పొర కట్టడం ఫంతాయె చూసింది. మూడు రోజుల పని అది. రెండు బేసిన్ల ఉల్లిపాయలు తరిగి, నీటి చుక్క తగలకుండా మగ్గబెట్టి, కోళ్లను నిమ్మరసంతో తొమ్మిదిసార్లు కడిగి, నిన్న పొద్దున్నుంచి పొయ్యి దగ్గరే కూర్చుని వండింది. ఇప్పుడు గరిటె చేత పట్టుకుని ఎటు కదలాలో తెలియక నిలబడింది.

"తినను అనేదానివి ముందే చెప్పాలి," అంది ఎమామా లాకెచ్ జెనెబుతో. "రొట్టె విరిచే ముందు నేనడిగానా లేదా? ఎవరికైనా ఎవరి మీదైనా కడుపులో ఏదైనా ఉంటే బయట పెట్టండి అన్నానా?"

"అన్నారు ఎమామా. అప్పుడు పాదిరి గారున్నారు. ఆయన ముందు పోయినమ్మ మాట ఎత్తబుద్ధి కాలేదు."

"ఇప్పుడు ఎత్తబుద్ధయింది."

"ఇప్పుడూ కాలేదు. కూర వాసన తగలగానే వుబాలెమ్ ఇంట్లో చల్లారిన పొయ్యి గుర్తొచ్చింది. అంతే."

ఎమామా చేతిలో ఉన్న ఇంజెరా ముక్కను పళ్లెం అంచున పెట్టేసింది. ఆమె ఎప్పుడు తుంచిందో ఎవరూ చూడలేదు. "సరే. కోపం మింగి ఒకే పళ్లెంలో తింటే ఆ తిండి విషమే అవుతుంది. తేలేదాకా ఎవరూ ముట్టకండి. పొద్దు వాలేలోపు తేలకపోతే ఆ కుండ ఇక్కణ్ణుంచి లేస్తుంది. మళ్లీ ఈ గడప తొక్కదు."

మూల గుడ్డ కప్పి పెట్టిన బార్లీ కల్లు కుండ వైపు అందరూ చూశారు. పోయిన నెల ఆ కుండ ఎవరి ఇంటి నుంచి వచ్చిందో, వచ్చే నెల ఎవరి ఇంటికి వెళుతుందో, ఆ వరసే మహబర్. కుండ రాని ఇంటికి మనుషులూ రారు. జబ్బు చేస్తే గంజి రాదు, చావొస్తే ఏడుపు రాదు.

మహబర్‌లో తన చోటును ఫంతాయె తల్లి నుంచి తీసుకుంది. మొగుడు లారీ ప్రమాదంలో పోయిన ఏడాదే టైఫాయిడ్ వచ్చి ఆమె మూడు నెలలు పడుకుంది. ఇద్దరు పిల్లలు ఆ మూడు నెలలూ పదకొండు ఇళ్లలో తిన్నారు. జెనెబు ఇంట్లో మంగళవారాలు. పిల్లలు పెద్దవాళ్లై వేరే ఊళ్లకు పోయినా మంగళవారం అంటే ఇప్పటికీ జెనెబు వండే శనగపిండి కూరే అంటారు. అందుకే ఫంతాయె ఆమెను ఎతెతే అని, సొంత అక్కను పిలిచినట్టు పిలుస్తుంది. ఇప్పుడు ఆ అక్కే ఎదురుగా కూర్చుని, తెల్ల శాలువా ముక్కు మీదికి లాక్కుని, ఇంట్లో ఏదో చచ్చి కుళ్లినట్టు మొహం పెట్టింది.

"అడుగు జెనెబూ," అంది ఎమామా. "గట్టిగా అడుగు. నాకూ వినబడాలి."

జెనెబు గొంతు సవరించుకుంది. అంగట్లో మిరపపొడి అమ్మే గొంతు. సవరించుకోనక్కర్లేదు.

"ఐదు నెలలు మోశాం. నాకు జ్వరమొచ్చిన రోజున కూడా నా కొడుకు నెత్తిన బుట్ట పెట్టి పంపాను. ఎతాగెన్ కాలు విరిగినప్పుడు కర్ర పట్టుకుని కుంటుకుంటూ వెళ్లింది. ఈవిడ వంతు రోజున మాత్రం తిండి లేదు. నేను ఊరికే పలకరిద్దామని మధ్యాహ్నం వెళ్లాను. తలుపు చేరవేసి ఉంది. పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. బుట్ట లేదు, గిన్నె లేదు. వుబాలెమ్ కళ్లు తెరుచుకునే ఉన్నాయి. పెదాలు ఎండి పగిలాయి. ఆకలితో పోయిందది! పదకొండుమంది అక్కచెల్లెళ్లున్న ఆడది, దాహంతో, ఆకలితో, ఒంటరిగా పోయింది."

రెండో మెసోబ్ దగ్గర ఎవరో ముక్కు చీదారు.

"ఇంజెరా అమ్ముకునే ఇల్లు ఇది," అంది అయెహు. "హోటలుకు ఒక్కరోజు ఆలస్యం కాదు. ఆ మహాతల్లికి మాత్రం అయింది."

"నువ్వాగవే," అంది ఎతాగెన్. వాడలో ఫంతాయెకు మిగిలిన దగ్గరి మనిషి ఆమె ఒక్కతే. ఆమె కూడా ఈ ఇరవై నాలుగు రోజుల్లో గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయింది. "ఫంతాయె, ఏదో ఒకటి చెప్పవే. నీకు దణ్ణం పెడతాను. తప్పైతే తప్పైందను. కాళ్ల మీద పడు. అయిపోతుంది."

తప్పైందంటే అయిపోతుంది. అది ఫంతాయెకూ తెలుసు. కాని తను ఇంకోలా అనుకుంది. ముందు అందరూ తినాలి. కడుపు నిండాక, కాఫీ పొంగాక, మనుషులు కాస్త మెత్తబడ్డాక మెల్లగా చెప్పాలి. రొట్టెకు ముందు కడుపులో మాట బయట పెట్టాలనే నియమం తన తల్లి కాలం నుంచి ఉన్నదే. ముందు తిండి పెట్టి, తర్వాత చెబుదామనుకోవడమే ఆమె చేసిన తప్పు.

"నేను వెళ్లాను," అంది.

ఎతాగెన్ చటుక్కున తలెత్తింది.

"ఏమంది?" అంది ఎమామా.

"వెళ్లిందంట."

"తెల్లారకముందే వెళ్లాను ఎమామా. వేడి ఇంజెరా, పప్పు, పాలు పట్టుకెళ్లాను. అప్పటికి మెలకువగానే ఉంది. మాట్లాడింది."

"అయితే బుట్ట ఏది?" జెనెబు మోకాళ్ల మీద లేచింది. "పాలు ఏవి? గాలి తాగిందా? వెళ్లినదానివి కూర్చోకుండా ఎందుకొచ్చేశావు? ప్రాణం పోయే మనిషని కళ్లకు కనబళ్లేదా?"

"కనబడింది."

"కనబడే వచ్చేశావా?"

"వుబాలెమే పొమ్మంది. తిండి కూడా పట్టుకుపొమ్మంది."

అయెహు చప్పట్లు చరిచింది. "అద్గదీ! చచ్చినమ్మ మీద పెట్టేసింది. ఆవిడ లేచొచ్చి కాదంటుందా?"

"నోట్లో ముద్ద పెట్టుకోలేని మనిషి నీ బుట్ట పట్టుకుపొమ్మందా?" అంది జెనెబు. "ఎక్కడికి పట్టుకుపొమ్మంది? ఎవరికి పెట్టమంది? నీ హోటలు వాడికా?"

లోపలి గది వైపు చూడకూడదని ఫంతాయె కళ్లను గరిటె మీదే పెట్టుకుంది.

"చూశారా ఎమామా? ఇదీ సంగతి. అబద్ధం వేసేది ఒకటే అడుగు. రెండో అడుగు లేదు."

"నా గొంతు ఆరిపోతోంది," అంది అయెహు లేస్తూ. "కూర ముట్టొద్దన్నారు, కల్లు ముట్టొద్దన్నారు. నీళ్లు కూడా వద్దా ఎమామా?"

"నీళ్లు మరియమ్మవి. తాగు."

"కూర్చో అయెహూ, నేను తెస్తాను," అని ఫంతాయె అడ్డం వెళ్లింది. అంత తొందరగా వెళ్లకుండా ఉండాల్సింది. అయెహు ఆమెను పైనుంచి కిందికి చూసి, భుజంతో తోసుకుని పెరటి వంటింట్లోకి పోయింది.

కుండ మూత చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. నీళ్లు తాగడానికి పట్టే సమయం కన్నా ఎక్కువే గడిచింది. అయెహు తిరిగొచ్చేటప్పటికి ఆమె చేతిలో నీళ్ల చెంబు లేదు. గుడ్డ కప్పిన చెక్క గిన్నె ఉంది. నేరుగా వచ్చి మెసోబ్ పక్కన గడ్డి మీద పెట్టి, గుడ్డ లాగేసింది.

గెన్ఫో. గట్టిగా ఉడికించి గుండ్రంగా తిప్పిన బార్లీ ముద్ద. నడిమధ్య గుంట తీసి కరిగించిన వెన్న, మిరపకారం పోశారు. ఒక పక్క నుంచి కొంచెం తిన్నారు. ఇంకా ఆవిరి వస్తోంది.

అక్కడున్న ఆడవాళ్లలో దాన్ని చూసి ఇంకో మాట అడగాల్సిన పనున్న మనిషి ఒక్కరూ లేరు. పదిమందీ పురుళ్లు పోసుకున్నవాళ్లే, పోసినవాళ్లే. మామూలు రోజున, మామూలు మనిషికి, ఏ ఇంట్లోనూ గెన్ఫో వండరు.

"ఈ ఇంట్లో బాలింత ఎవరు?" అంది అయెహు.

అందరికన్నా ముందు ఎమామా లాకెచ్‌కి ప్రాణం లేచొచ్చింది. గిన్నె చూడగానే పెద్దావిడ చెయ్యి అలవాటుగా నోటి దగ్గరికి వెళ్లింది. "మగపిల్లాడా, ఆడపిల్లా? ఏడు కేకలు పెట్టాలా, మూడా?" అంటూ నాలుక ఆడించి ఇలిలిలిలి అని ఒక కేక పెట్టేసింది కూడా. ఎవరూ అందుకోలేదు. రెండో మెసోబ్ దగ్గర ఒకామె నవ్వాపుకోలేక శాలువా నోట్లో కుక్కుకుంది. ఎమామా చుట్టూ చూసి, రెండో కేకను మింగేసింది.

"నలభై ఆరేళ్లకు నీకే పుట్టలేదు కదే?" అని అయెహు ఫంతాయె పొట్ట వైపు చూసింది.

"ఎవర్నో దాచింది," అంది జెనెబు. గొంతు తగ్గించింది. తగ్గించిన గొంతు ఇంకా భయంగా ఉంది. "ఎవర్నో ఇంట్లో పెట్టుకుని వెన్న పోసి మేపుతోంది. అక్కడ వుబాలెమ్‌కి గుక్కెడు పాలు లేవు. ఇక్కడ గెన్ఫో!"

ఫంతాయె గరిటెను కూర గిన్నెలో పెట్టేసింది. చేతులు శాలువా అంచుకు తుడుచుకుని, ఎమామా ఎదురుగా, ఆమె చెవికి అందేంత దగ్గరగా, గడ్డి మీద కూర్చుంది.

"వానలు మొదలైనప్పటి నుంచి వుబాలెమ్ వెనకగదిలో ఒక పిల్ల ఉంది ఎమామా. కడుపుతో ఉంది. ఇంట్లోంచి గెంటేశారు. వర్షంలో చర్చి గోడకు ఆనుకుని కూర్చుంటే వుబాలెమ్ తెచ్చుకుంది. అప్పటికి ఆమె ఇంకా నడుస్తోంది. మీరు తెచ్చిన తిండిలో సగం ఆ పిల్ల తినేది. చివర్లో మొత్తం ఆ పిల్లే తినేది."

"మన తిండా?" ఎవరో అరిచారు.

"నేను ఎముక రసం కాచి పంపాను! మూడు గంటలు కాచాను!"

"నేనడిగితే బాగుందంది! కోడి కాలు మెత్తగా ఉంది చెల్లీ అంది!"

"నోటికి కూడా తగల్లేదా ఆ కాలు?"

"మనం ఎవరికి మోస్తున్నామో మనకే చెప్పలేదు. పదిమందిని గాడిదల్ని చేసింది," అంది అయెహు. ఈసారి ఆమె మాటలో వెటకారం లేదు. నిజంగానే దెబ్బ తగిలింది. వుబాలెమ్ కోసం ఆమె తన పిల్లల పాలు ఆపి తీసుకెళ్లిన రోజులున్నాయి.

"డాక్టరు రెండు నెలలన్నాడు," అంది ఫంతాయె. "ఐదు నెలలు బతికింది. ఎందుకనుకుంటున్నారు? ఆ పిల్లకు నొప్పులొచ్చేదాకా నేను పోనని నాతో అంది. ఆ రోజు తెల్లవారుజామున నేను వెళ్లేసరికి నొప్పులు మొదలై రెండు గంటలైంది. పిల్ల నోట్లో గుడ్డ పెట్టుకుని గోడకేసి తల కొట్టుకుంటోంది. వుబాలెమ్ లేవలేదు. నా చెయ్యి పట్టుకుని, నాకేం పెట్టకు, దాన్ని పట్టుకుపో, తిండీ పట్టుకుపో, కనే మనిషికి బలం కావాలి అంది. నేను ఆటో పిలిచాను. బుట్ట ఆటోలో వెళ్లింది. పాలు ఆ పిల్ల తాగింది. పురుడయ్యేసరికి సాయంత్రమైంది. నేను పరుగెత్తుకుంటూ వచ్చేసరికి మీరంతా అక్కడున్నారు."

ఊపిరి తీసుకుంది.

"ఒంటరిగా పోయింది. ఆ మాట నిజమే. దానికి మీరేమన్నా పడతాను. కాని ఆకలితో పోలేదు. పెట్టి పోయింది."

ఎతాగెన్ ఏడుస్తోంది. కొంతమంది మొహాలు మారాయి. ఎమామా కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది. ఇంకో రెండు నిమిషాలు అలాగే ఉంటే కూర ముట్టేవాళ్లేమో. కాని జెనెబు ఉండనివ్వలేదు.

"ఎవరా పిల్ల?"

ఫంతాయె ఆమె వైపు తిరిగింది. ఈ ఒక్క ప్రశ్న జెనెబు నోటి నుంచి రాకూడదని ఆమె ఇరవై నాలుగు రోజులుగా మరియమ్మను వేడుకుంటోంది. రావాలని కూడా వేడుకుంది.

జెనెబుకు ఒక్కతే కూతురు, సెబ్లె. వానలకు ముందు నుంచి ఆ పిల్ల వాడలో కనబడటం లేదు. బహిర్‌దార్ పట్నంలో బట్టల కొట్లో ఉద్యోగమొచ్చిందని జెనెబు ఊరంతా చెప్పింది. ఈ పొద్దున ఈ గుమ్మంలో చెప్పులు విడుస్తూ కూడా, ఆదివారం ఫోన్ చేసిందని, తనకు చెప్పుల జత కొన్నదని ఎతాగెన్‌తో చెప్పింది. ఫంతాయె ఆ మాటలు వింటూ నీళ్ల చెంబు అందించింది. తల్లి తన నోటితో అడిగేదాకా పేరెత్తకు అని వుబాలెమ్ ఒట్టు వేయించుకుంది. అడగడమంటే ఇలా అడగడమా? ఇంతమందిలో, ఇంత విషంతోనా?

"ఎతెతే," అంది. "ఒక్కసారి బయటికి రా. నీకు చెప్తాను."

"బయటికెందుకు? మహబర్‌లో గుసగుసలేంటి? అందరూ మోశారు, అందరికీ చెప్పు."

"నీ మంచికే రమ్మంటున్నాను."

"నా మంచి నువ్వు చూస్తావా?" జెనెబు లేచి నిలబడింది. ఆమె మెడ మీద నరం కొట్టుకోవడం ఫంతాయెకు కనబడింది. "పేరు చెప్పు! ఏ ఇంటి పెంట అది? మొగుడు లేని కడుపు కదూ? అందుకే దాచారు. అలాంటిదాన్ని కన్న తల్లెవరో గాని, పుట్టినప్పుడే గొంతులో ఉప్పు పోయాల్సింది."

"జెనెబూ," అంది ఎమామా.

"అనొద్దా ఎమామా? దాని కోసం మన వుబాలెమ్ పోయింది. తల్లి గెంటేసిందంటే ఊరికే గెంటుతుందా? ఏ తల్లికైనా పరువుండదా?"

ఆమెకు తెలిసిపోయిందని ఫంతాయెకు అనిపించింది. తెలిసే అరుస్తోంది. ఇంకా గట్టిగా అరిస్తే తెలియనట్టవుతుందని అరుస్తోంది. ఫంతాయె ఆమెను వదిలేసి ఎమామా వైపే తిరిగింది.

"ఇంకో మాటుంది ఎమామా. వుబాలెమ్‌కు పిల్లల్లేరు. తన చోటు ఆ పిల్లకిమ్మంది. మెసోబ్ దగ్గర, మీ ముందు చెప్పమంది."

ఈసారి పదిమందీ ఒకేసారి మాట్లాడారు. ఎమామా పక్కన, జెనెబుకు ఇవతల, ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. పన్నెండేళ్లుగా వుబాలెమ్ కూర్చున్న చోటు అది. ఈ రోజు అక్కడ కూర్చోవడానికి ఎవరికీ మనసు రాలేదు. గొడవ మొదలయ్యాక ఆ సంగతే ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడు అందరూ దాన్నే చూస్తున్నారు.

"ఊరూపేరూ లేనిదాన్ని తెచ్చి మన పళ్లెంలో కూర్చోబెడతావా?" అంది జెనెబు.

ఎమామా చెయ్యెత్తింది. అందరూ ఆగారు. "పిల్లల్లేనమ్మ తన చోటు ఎవరికిచ్చినా చెల్లుతుంది. అది పాత మాట. కాని ఫంతాయె, ఆ మాట విన్నదానివి నువ్వొక్కదానివే. నీ మాట నిలవాలంటే ముందు నువ్వు నిలవాలి. నీ మీద నిందున్నంతసేపు నీ నోటిమాటను నేనెలా పట్టుకోను? ఆ పిల్లను చూపించు. లేదా కుండ ఎత్తమంటాను."

ఫంతాయెకు దారి లేకపోయింది. చూపిస్తే ఒట్టు పోతుంది, జెనెబు పరువు పదిమంది ముందు పోతుంది. చూపించకపోతే తల్లి ఇచ్చిన చోటు పోతుంది, వుబాలెమ్‌కు ఇచ్చిన మాటా పోతుంది. అయెహు అప్పుడే కుండ వైపు అడుగేసింది.

"ఆగండి," అని లోపలి గదిలోంచి వినబడింది. "ఎతెతే ఫంతాయె, ఇంక చాలు. నా గురించి నువ్వు మాటలు పడొద్దు. నేనే వస్తున్నాను."

ఎతాగెన్ కన్నీళ్లు తుడుచుకుంటున్న చెయ్యి బుగ్గ మీదే ఆగింది. "అది... సెబ్లె గొంతు కాదూ?"

"కాదు," అంది జెనెబు. "సెబ్లె బహిర్‌దార్‌లో ఉంది."

లోపలి గది తెర పక్కకు జరిగింది. పందొమ్మిదేళ్ల పిల్ల, జుట్టుకు వెన్న రాసి గుడ్డ చుట్టుకుంది. మొహం పాలిపోయింది. చేతుల్లో దుప్పటి మూట. మూటలోంచి గుప్పెడంత నల్లటి జుట్టు కనిపిస్తోంది. ఆ పిల్ల ఎవరి వైపూ చూడకుండా తల్లి వైపే చూసింది.

జెనెబు కూడా చూసింది. పైనుంచి కిందికి చూసింది. మూట దగ్గర చూపు ఆగింది, మళ్లీ పైకి లేచింది.

"ఈ పిల్లెవరో నాకు తెలియదు," అంది.

ఎతాగెన్ మరియమ్మను పిలిచింది. అయెహు కుండ దగ్గర నుంచి మెల్లగా వెనక్కి వచ్చి కూర్చుంది. ఆమె నోట మాట లేదు. ఆ వాడలో అది కొత్త సంగతి.

సెబ్లె కదల్లేదు. ఫంతాయెకు ఆ క్షణంలో జెనెబు చెంప పగలగొట్టాలనిపించింది. మంగళవారాలు గుర్తొచ్చి చెయ్యి ముడుచుకుంది.

"తెలియదా?" అంది ఎమామా. ఆమెకు ఈసారి మొదటి మాటకే వినబడింది.

"తెలియదు."

"మంచిది. ఎవరికీ తెలియని పిల్లైతే నాకింకా తేలిక. అడ్డం చెప్పే తల్లి లేదుగా." ఎమామా తన పక్క ఖాళీ మీద గడ్డిని అరచేత్తో సర్దింది. "కొత్తగా చోటులోకి వచ్చిన మనిషికి మొదటి ముద్ద వచ్చే నెల కుండ ఎత్తుకెళ్లే మనిషి పెట్టాలి. తన చేత్తో, నోట్లో. వచ్చే నెల ఎవరిది?"

అందరికీ తెలుసు. చివరికి అయెహు, తల వంచుకునే, "జెనెబుది" అంది.

"విన్నావుగా జెనెబూ. ముద్ద పెడితే ఫంతాయె మాట నిజమని నువ్వే ఒప్పుకున్నట్టు. గొడవ తీరినట్టు. అందరం తింటాం. పెట్టకపోతే ఫంతాయె పేరు ఈ రోజే కొట్టేస్తాను, కుండ నీతో పంపిస్తాను. నువ్వు కోరిందే అవుతుంది. ఎవరూ నిన్ను ఏమీ అనరు. నువ్వు కూర్చో. కూర్చుని ఆలోచించు."

జెనెబు కూర్చుంది.

సెబ్లె నడిచి వచ్చింది. పచ్చి బాలింత నడక, ఒక్కో అడుగూ జాగ్రత్తగా వేస్తూ వచ్చింది. ఫంతాయె దగ్గర ఆగి మూటను ఆమె చేతుల్లో పెట్టింది. బిడ్డ వెచ్చగా, ఎంతో తేలిగ్గా ఉంది. సెబ్లె శాలువా సర్దుకుని, ఎమామాకు, జెనెబుకు మధ్య ఉన్న ఆ ఖాళీలో కూర్చుంది. తల్లి మోకాలు కూతురి మోకాలికి తగిలింది. జెనెబు తన మోకాలు లాక్కోలేదు. పళ్లెం వైపు తప్ప ఎటూ చూడలేదు.

వీధిలో ఇంకో ఇంటి మహబర్ వాళ్లు చప్పట్లు కొడుతూ పాడుతున్నారు.

సెబ్లె అమ్మా అని పిలవలేదు. ఏడవలేదు. తల్లి వైపు తిరిగి, నోరు తెరిచింది.